ఆ రివ్యూ రాసినవాళ్ళకు ఏం తెలుసు?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు నల్లగొండలో డిగ్రీ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగం, చివర్లో వచ్చిన ప్రశ్నలతో సహా.)

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, కామర్స్ విభాగం అధ్యాపకులకు నమస్కారం. పిల్లలూ, మీకందరికీ నమస్తే.

1986 డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. అందుకే ఏటా ఈ తేదీన ఇట్లాంటి సభలు పెట్టుకుంటాం. తూకంలో మోసం, కల్తీ, ఎమ్మార్పీ, వీటి గురించి ఏళ్ళుగా చెప్తూనే ఉన్నాం. ఈసారి నేను ఫోన్‌లో కొనే వస్తువుల గురించి, వాటి కింద కనిపించే రివ్యూల గురించి మాట్లాడదామని వచ్చాను.

ముందు ఒక్కసారి చేతులెత్తండి. ఏదైనా కొనేముందు రివ్యూలు చూసేవాళ్ళు? దాదాపు అందరూ. మంచిది. ఇప్పుడు, కొన్న తర్వాత కూర్చొని రివ్యూ రాసినవాళ్ళు? ముందు వరసలో ఇద్దరు, అటు పక్కన ముగ్గురు. ఇంత పెద్ద హాల్లో ఐదు చేతులు. ఈ ఐదు చేతులూ గుర్తు పెట్టుకోండి, వీటితో మనకు పనుంది.

మీ అమ్మమ్మల కాలంలో గ్రైండర్ కొనాలంటే పక్కింటి అక్కను అడిగేవాళ్ళు. ఆ అక్క ఏ కంపెనీది వాడుతోందో, ఎన్నేళ్ళుగా వాడుతోందో, వాళ్ళింట్లో ఎంతమందికి పిండి రుబ్బుతుందో అన్నీ తెలుసు. ఆమె గొప్పలు చెప్పుకునే మనిషా, ఉన్నదున్నట్టు చెప్పే మనిషా అన్నది కూడా తెలుసు. గ్రైండర్ గురించి ఆమె ఒక్క మాట చెప్తే, ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో లెక్క మన మనసులో ముందే ఉండేది. ఇప్పుడు ఆరువేల మంది చెప్తున్నారు. ఆ ఆరువేల మందిలో ఒక్కరూ మనకు తెలియదు. మాట మాత్రమే మిగిలింది, మనిషి కనబడకుండా పోయాడు.

నేను ఈరోజు మీకు చెప్పదలచుకున్నది ఇదే: రివ్యూ చదివేటప్పుడు ఇది నిజమా అబద్ధమా అని అడిగేముందు, ఈ సంగతి ఆ రాసిన మనిషికి తెలిసే వీలుందా అని అడగండి. నిజాయితీపరులు కూడా తమకు తెలియనిదాని మీద స్టార్లు ఇచ్చేస్తుంటారు. అబద్ధపు రివ్యూల కన్నా ఇదే ఎక్కువమందిని తప్పుదారి పట్టిస్తుందని నా నమ్మకం.

మన జిల్లా సంగతే తీసుకోండి. ఫ్లోరైడ్ అంటే ఏంటో నల్లగొండలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళని, పళ్ళు గారపట్టినవాళ్ళని చూస్తూ పెరిగాం. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళు వచ్చాక బాధ చాలా తగ్గింది, కానీ బోరు నీళ్ళు తాగే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అట్లాంటి ఇంటివాళ్ళు ఆన్‌లైన్‌లో వాటర్ ఫిల్టర్ కొనాలనుకుంటారు. కింద రివ్యూలు చూస్తారు. "నీళ్ళు తియ్యగా ఉన్నాయి, ఐదు స్టార్లు." "పిల్లలు ఇష్టంగా తాగుతున్నారు." "ఫిట్టింగ్‌కి వచ్చినబ్బాయి మర్యాదస్తుడు." అన్నీ నిజాలే కావచ్చు. కానీ ఫ్లోరైడ్‌కి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా పర్వాలేదని భారతీయ ప్రమాణం చెప్తుంది. ఆ 1కీ, 4కీ తేడా ఏ నాలుకా పట్టలేదు. యూవీ ఫిల్టర్ క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ జోలికి పోదు. నీళ్ళు కాచినా పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌వో అయితే తగ్గిస్తుంది, అదీ లోపల పొర బాగున్నంత కాలం.

కొందరు బుద్ధిమంతులు టీడీఎస్ మీటర్ పెట్టి ఫోటో కూడా పెడతారు: ముందు 450, తర్వాత 60. చాలా మంచి రివ్యూ, నేను మెచ్చుకుంటాను. అయితే ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేసి చెప్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో విడిగా చెప్పదు. అది తెలియాలంటే సీసాలో నీళ్ళు పట్టుకుని ల్యాబ్‌కి పోవాల్సిందే. పదివేల మంది కలిసి స్టార్లిచ్చినా ఆ ఒక్క పరీక్షకు సాటి రాదు. ఎందుకంటే ఆ పదివేల మందిలో ఎవరూ అది చూడలేదు.

ఇక కుక్కర్ల సంగతి. మన దేశంలో ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2021 ఫిబ్రవరి 1 నుంచి అది లేకుండా అమ్మడం నేరం. అయినా ఆన్‌లైన్‌లో అమ్ముడయ్యాయి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆ ప్రమాణం లేని 2,265 కుక్కర్లు తన వేదిక మీద అమ్ముడయ్యాయి కాబట్టి, కొన్నవాళ్ళందరికీ చెప్పి, వెనక్కి తీసుకొని, డబ్బు తిరిగివ్వమని ఆదేశించింది. వాటి మీద కంపెనీకి వచ్చిన కమీషన్ 6,14,825 రూపాయలని ఆ ఉత్తర్వులోనే ఉంది. అదే నెలలో ఫ్లిప్‌కార్ట్‌కీ లక్ష వేశారు, అక్కడ 598 కుక్కర్లు.

కమీషన్ ఆరు లక్షలు, జరిమానా లక్ష. ఆ లెక్క మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఈరోజు మన విషయం వేరు కాబట్టి పక్కన పెడతాను.

మన విషయం ఇది: కుక్కర్ కొన్నవాళ్ళు ఏం చూడగలరు? పప్పు ఉడికిందా, విజిల్ వచ్చిందా, పిడి గట్టిగా ఉందా, అడుగంటుతోందా. సేఫ్టీ వాల్వ్ ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకుంటుందో ఎవరి వంటింట్లోనూ తెలియదు. తెలిసే రోజు రాకూడదనే కదా మన కోరిక. దాన్ని పరీక్షించడానికే ప్రమాణం ఉంది, ఐఎస్ 2347 అని. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. ఈ గుర్తు ఇచ్చే భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో, ఇంకా నడుస్తోందో లేదో చెప్తుంది. అరనిమిషం పని. హెల్మెట్‌కి, గీజర్‌కి, గ్యాస్ స్టవ్‌కి కూడా ఇంతే. ప్రాణంతో ముడిపడిన చోట ముందు ఆ గుర్తు చూడండి, తర్వాతే రివ్యూలు చదవండి.

ఈ స్టార్లకూ అసలు నాణ్యతకూ ఎంత పొంతన ఉందని అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. 2016లో అచ్చయింది. 120 రకాల్లో 1,272 వస్తువులు తీసుకున్నారు. అక్కడ కన్స్యూమర్ రిపోర్ట్స్ అని 1936 నుంచి నడుస్తున్న సంస్థ ఉంది. తన డబ్బుతో బజార్లో వస్తువులు కొని, ల్యాబ్‌లో పరీక్షించి, మార్కులు వేస్తుంది. కంపెనీల ప్రకటనలు తీసుకోదు. ఆ మార్కులను స్టార్లతో పోల్చారు. రెండు వస్తువుల్లో ఎక్కువ స్టార్లున్నది ల్యాబ్‌లోనూ మెరుగ్గా తేలే అవకాశం నూటికి 57 మాత్రమే అని తేలింది. కళ్ళు మూసుకొని ఏదో ఒకటి ఎంచుకున్నా 50 వస్తుంది కదా.

అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. ఎంతమంది రేటింగ్ ఇచ్చారన్నది కొనేవాళ్ళు పెద్దగా పట్టించుకోవడం లేదు. తొమ్మిది మంది ఇచ్చిన 4.8ని చూసి, ఆరువేల మంది ఇచ్చిన 4.3 కన్నా గొప్పదనుకుంటారు. తొమ్మిది మంది అంటే అమ్మేవాడి బావమరుదులూ స్నేహితులూ కలిసినా చాలు. మీరు స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు, శాంపిల్ సైజు సంగతి మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు ఆ ఐదు చేతుల దగ్గరికి వద్దాం. అమ్మా, ఆ ఐదుగురూ, మీరు రివ్యూ ఎప్పుడు రాశారు? ఒకరేమో డ్రెస్ చాలా నచ్చి రాశారు. ఒకరు పగిలిన వస్తువు వచ్చిందని కోపంతో. చూశారా, మామూలుగా ఉన్న వస్తువుకు ఎవరూ రాయరు. అందుకే చాలా వస్తువుల కింద ఐదు స్టార్లు బోలెడు, ఒక స్టార్ కొన్ని, మధ్యలో పల్చగా ఉంటాయి. పరిశోధకులు చాలాకాలంగా గమనించిన విషయమే ఇది. సగటు 4.1 అని చూపిస్తుంది గానీ, నిజంగా నాలుగు స్టార్ల అనుభవం అయినవాళ్ళు అందులో కొద్దిమందే.

పైగా చాలామంది రాసేది వస్తువు వచ్చిన మొదటి వారంలో. యాప్ అప్పుడే అడుగుతుంది కాబట్టి. మొదటి వారంలో మిక్సీ గురించి తెలిసేదేంటి? రంగు, శబ్దం, ప్యాకింగ్, డెలివరీ. ఇవి చెప్పడానికి ఆ మనిషికి అర్హత ఉంది. మోటారు ఎన్నాళ్ళు వస్తుందో చెప్పే అర్హత ఇంకా రాలేదు. ఒకావిడ మా సలహా కేంద్రానికి కాలిపోయిన మిక్సీ కాగితాలు తెచ్చింది. "మేడం, వేలమంది బాగుందన్నారు" అంటుంది. ఆ రివ్యూలు తెరిచి ఇద్దరం కూర్చొని చదివాం. మిల్క్‌షేక్ చేశాం, చట్నీ చేశాం, జ్యూస్ బాగా వచ్చింది. ఈవిడ ఇంట్లో ఏడుగురు. రోజు విడిచి రోజు మినప్పప్పు రుబ్బుతుంది, ఎండాకాలం ఆవపిండీ మెంతిపిండీ పడుతుంది, పసుపు కూడా అందులోనే. రెండో పేజీలో ఒకాయన మూడు స్టార్లిచ్చి రాశాడు: "చిన్న కుటుంబానికి పర్వాలేదు. ఇడ్లీ పిండికి రెండోసారి వేయగానే మోటారు వేడెక్కి ఆగిపోతోంది. నాలుగో నెలలో జార్ అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి." ఆవిడ కోసమే రాసినట్టుంది. మూడు స్టార్లది కాబట్టి ఆవిడ చదవలేదు.

అందుకే నేను రెండు, మూడు స్టార్లవి ముందు చదువుతాను. కోపమూ, మురిపెమూ రెండూ తక్కువ ఉన్నచోట వివరం ఎక్కువ ఉంటుంది. తర్వాత వరస మార్చి కొత్తవి ముందు వచ్చేట్టు పెట్టుకుంటాను. మన ఇంటిలాంటి ఇల్లు, మన వంటలాంటి వంట, మన నీళ్ళలాంటి నీళ్ళు ఎవరివో వెతుకుతాను. ఉప్పునీళ్ళ ఊళ్ళో గీజర్ వాడినవాళ్ళ మాట ఒక్కటి దొరికితే, బెంగళూరు అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన వందకన్నా మనకు అదే విలువైనది. దుస్తులకు, చెప్పులకు కొన్నవాళ్ళు పెట్టిన ఫోటోలు నిజంగా పనికొస్తాయి. అక్కడ చూసేదే తెలిసేది, రివ్యూల బలం అంతా అక్కడే.

ఇంకో జాగ్రత్త. ఒకే పేజీలో 500 వాట్లదీ, 750 వాట్లదీ, వేర్వేరు మోడళ్ళవీ రివ్యూలు కలిపి ఉంటాయి. రివ్యూ పైన ఏ సైజు, ఏ మోడల్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. దీన్ని కావాలని మోసానికి వాడినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీ కొత్త సరుకును బాగా అమ్ముడయ్యే పాత సరుకు పేజీలో కలిపి, పాతదాని స్టార్లు కొత్తదానికి వచ్చేట్టు చేసిందని 2023లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 6 లక్షల డాలర్లు కట్టించింది. ఇక కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో రివ్యూలైతే ఏది కనబడాలో కంపెనీయే తేలుస్తుంది. ఫ్యాషన్ నోవా అనే దుస్తుల కంపెనీ నాలుగు స్టార్లకన్నా తక్కువ వచ్చినవి బయటికి రానీయలేదని ఆరోపణ వస్తే 2022లో 42 లక్షల డాలర్లకు రాజీ పడింది.

అబద్ధపు రివ్యూల గురించి మీరందరూ ఎదురుచూస్తున్నారని తెలుసు. "చదివితే ఇట్టే తెలిసిపోతుంది" అనుకుంటాం. కార్నెల్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2011లో షికాగో హోటళ్ళ మీద 400 నిజం రివ్యూలు, డబ్బిచ్చి రాయించిన 400 అబద్ధాలు కలిపి పరిశీలించారు. మనుషులకు చదవమని ఇస్తే గుడ్డిగా చెప్పినదానికన్నా పెద్దగా మెరుగ్గా చెప్పలేకపోయారు. కంప్యూటర్ ప్రోగ్రామ్ మాత్రం నూటికి దాదాపు 90 పట్టుకుంది. నిజంగా ఉండి వచ్చినవాళ్ళు బాత్రూమ్ గురించి, గది ఎంత ఇరుకో, హోటల్ ఎక్కడుందో రాశారు. పోకుండా రాసినవాళ్ళు ఎవరితో పోయారో, ఎందుకు పోయారో ఎక్కువ రాశారు. ఇప్పుడు ఏఐతో రాయిస్తున్నారు కాబట్టి ఆ గుర్తులు కూడా నిలుస్తాయన్న నమ్మకం లేదు. మాటల్లో దొంగను పట్టుకోగలమన్న ధీమా మానుకోండి.

పట్టుకోగలిగేది కాలం. స్టార్లు కొనుక్కున్న అమెజాన్ అమ్మకందారుల మీద కాలిఫోర్నియా పరిశోధకులు 2022లో ఒక అధ్యయనం అచ్చేశారు. స్టార్లు కొంటున్నన్నాళ్ళూ రేటింగ్ పెరుగుతుంది. అది ఆపాక, వస్తువు నిజంగా కొన్నవాళ్ళు వచ్చి ఒక స్టార్ ఇవ్వడం మొదలవుతుంది. అందుకే కొత్తవి ముందు చదవమన్నాను. కింద తేదీలు చూడండి. రెండు మూడు రోజుల్లో కుప్పగా వచ్చిన పొగడ్తలు, ఆ తర్వాత నిట్టూర్పులు ఉంటే వదిలేయండి.

నలుగురితో పాటు నారాయణ అనే గుణం మనందరిలో ఉంది. ఒక వార్తల వెబ్‌సైట్‌లో లక్షకు పైగా వ్యాఖ్యల మీద ప్రయోగం చేశారు, 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కొన్ని వ్యాఖ్యలకు రాగానే తామే ఒక్క మెప్పు ఓటు వేశారు, అంతే. చివరికి వాటి మార్కులు సగటున 25 శాతం ఎక్కువయ్యాయి. మొదటి పది స్టార్లు కొనడానికి అమ్మేవాళ్ళు ఎందుకు ఎగబడతారో ఇప్పుడు అర్థమైందా?

చట్టం ఏమంటుందో చెప్తాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మేవాడు కొన్నవాడిలా నటించి రివ్యూ రాయకూడదు. 2022 నవంబర్‌లో బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూలకే ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19000. డబ్బిచ్చి రాయించినవి ప్రచురించకూడదని, రాసినవాళ్ళు నిజమైన మనుషులేనని సరిచూడాలని అందులో ఉంది. అయితే అది స్వచ్ఛందం. ఇష్టమున్న కంపెనీలు పాటిస్తాయి. అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి అబద్ధపు రివ్యూలు కొన్నా అమ్మినా ఒక్కో తప్పుకు 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడొచ్చు. మన ప్రమాణం కూడా తప్పనిసరి కావాలి. నేను ప్రతి సభలోనూ ఇది అడుగుతాను.

చివరిగా ఒక్కటి. "ఇంట్లో కూర్చొని రేటింగులు ఇవ్వండి, రోజుకు వేలు సంపాదించండి" అని టెలిగ్రామ్‌లో వస్తుంది. మొదట కొన్ని వందలు నిజంగానే వేస్తారు. తర్వాత డబ్బు పెట్టుబడి పెట్టమంటారు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు ఇట్లాంటి ముఠాను పట్టుకున్నారు. దేశమంతా కలిపి కొల్లగొట్టింది 712 కోట్ల రూపాయలు. ఫిర్యాదు చేసిన నగరవాసి ఒక్కరే 28 లక్షలు పోగొట్టుకున్నారు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారని రాత్రంతా దాచుకోకండి. ఆ కొద్ది గంటల్లోనే డబ్బు ఖాతాలు దాటిపోతుంది.

ఇప్పుడు అడగండి.

*ప్రశ్న: మేడం, ఇయర్‌ఫోన్స్ డబ్బాలో ఒక కార్డు వచ్చింది. ఐదు స్టార్లిచ్చి స్క్రీన్‌షాట్ పంపితే వంద రూపాయలు ఇస్తామని. వస్తువు నిజంగానే బాగుంది. తీసుకుంటే తప్పేంటి?*

మంచి ప్రశ్న. నీకు బాగుందనిపించింది, అబద్ధం చెప్పట్లేదు, నిజమే. అయితే నీ పక్కన ఇంకో అమ్మాయికి అదే కార్డు వచ్చింది, ఆమెకు ఒక చెవిలో వినపడలేదు. వంద కోసం ఐదిచ్చింది లేదా ఏమీ రాయకుండా ఊరుకుంది. ఇప్పుడు నీ నిజం, ఆమె వంద రూపాయలు ఒకే చోట కలిసిపోయాయి. మూడో అమ్మాయికి ఏది ఏదో తెలియదు. మూడు స్టార్లిచ్చినా వంద ఇస్తామంటే అది వేరే మాట, అట్లా ఎవరూ ఇవ్వరు. నువ్వు ఆ కార్డు ఫోటో తీసి, రివ్యూలోనే పెట్టు. వాళ్ళు స్టార్లు కొంటున్నారని తర్వాత వచ్చేవాళ్ళకు తెలుస్తుంది. ఆర్నెల్ల తర్వాత బ్యాటరీ ఎట్లా ఉందో మళ్ళీ పోయి రెండు వాక్యాలు చేర్చు. రివ్యూను తర్వాత మార్చుకునే వీలు చాలాచోట్ల ఉంటుంది, వాడేవాళ్ళే తక్కువ.

*ప్రశ్న: నేను ఒక స్టార్ ఇచ్చి పాడైన ఫోటో కూడా పెట్టాను. తర్వాత చూస్తే రివ్యూ లేదు. ఏం చేయాలి?*

ముందు ఒక సంగతి, అందరూ వినండి. రివ్యూ రాయడమంటే ఫిర్యాదు చేసినట్టు లెక్క కాదు. చాలామంది కోపమంతా అక్కడ రాసేసి, పని అయిపోయిందనుకొని, రిటర్న్ గడువు దాటబెట్టుకుంటారు. రాసే ముందే స్క్రీన్‌షాట్ తీసుకో. బిల్లు దాచుకో. ఆ వేదికలో ఫిర్యాదుల అధికారి పేరు తప్పనిసరిగా ఉండాలి, ఆయనకు రాయి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి, నియమం అది. రివ్యూ ఎందుకు తీసేశారో కూడా అదే ఉత్తరంలో అడుగు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఎక్కడ ఉన్నా నువ్వుండే చోటే కేసు వేయొచ్చు. ఐదు లక్షల దాకా విలువైన వస్తువుకు ఫీజు లేదు, వకీలు లేకుండా నువ్వే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. నీ దగ్గర బిల్లు ఉందా? అయితే సభ అయ్యాక ఆగు, ఆ ఉత్తరం ఇక్కడే కూర్చొని రాద్దాం.